తాత రివాల్వర్‌లో పరాయి సుత్తి

మేజర్ తెమిర్కాన్ రివాల్వర్ తీసి భోజనాల గుడ్డ మీద, రొట్టె పక్కనే పెట్టాడు.

బుర్మకాన్ వదిన రొట్టెను రెండు చేతులతో ఎత్తి గుడ్డ అవతలి చివర పెట్టి, మళ్ళీ పొయ్యి దగ్గరకు వెళ్ళి కూర్చుంది. ఆమె భర్త దోలోత్‌ను మట్టిచేసి రెండు రోజులైంది. ఆయన్ని చంపాడని చేతులకు సంకెళ్ళు వేసి ఎదురుగా కూర్చోబెట్టింది ఆమె మరిది చోరోబెక్‌నే.

"తొమ్మిదీ నలభై," మేజర్ గడియారం చూశాడు. "పన్నెండుకి వీణ్ణి తీసుకుని బయల్దేరతా. కనుమ మీద మంచు మొదలైతే వసంతం దాకా మీ ఊళ్ళో గొర్రెలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. నీకేమైనా అడగాలనుంటే ఇప్పుడే అడుక్కో, ఇన్‌స్పెక్టర్."

నేను ఈ నాలుగు పల్లెల ఇన్‌స్పెక్టర్ని. జుమాదిల్ అంటారు. మేజర్ ప్రాంతీయ కేంద్రం నుంచి నిన్న వచ్చాడు. ఒక్క రోజులో కేసు తేల్చేశాడు. నాకు నాలుగు రోజులైనా తేలలేదు. చోరోబెక్ ఒకసారి కనుమ దిగాడంటే ఇరవై ఏళ్ళ దాకా తిరిగి రాడు. ఇక్కణ్ణించి దిగిన కేసు తిరిగి పైకి వచ్చిన సంగతి నేను ఎరగను.

"ముందు నీ ఒర సంగతి చెప్పు. అంత ఉబ్బెత్తుగా ఉంది, అందులో ఏముంది?" అన్నాడు మేజర్.

ఒర తెరిచి చూపించాను. ఎండబెట్టిన పెరుగుండలు. మార్చిలో మా పిస్తోళ్ళన్నీ తనిఖీకని పట్టుకెళ్ళారు. నవంబరు వచ్చింది. ఇంకా తిరిగి ఇవ్వలేదు.

"ఒకటి తీసుకోండి మేజర్ గారూ. దారిలో నోటికి పనుంటుంది."

మూలన టీ తాగుతున్న సైదిల్దా పకపకా నవ్వాడు. అతను అటవీ రక్షకుడు. ఈ కేసులో మొదటి సాక్షి. శవాన్ని చూసి నాకు ఫోన్ చేసింది అతనే. టీ గిన్నె ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కుడి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది.

"వేలికేమైంది?"

"జీపు తలుపులో పడింది అన్నా. నీ కళ్ళకి అన్నీ కావాలి."

చోరోబెక్ వైపు తిరిగాను. రాత్రి నిద్ర లేదని ముఖం చెబుతోంది. మోకాళ్ళు ఊపుతూనే ఉన్నాడు.

"చోరో, మళ్ళీ చెప్పు. నెమ్మదిగా."

"ఎన్నిసార్లు చెప్పను అన్నా! కడగొట్టువాణ్ణని ఇల్లూ పొయ్యీ నాకొచ్చాయి. వాటితోపాటే తాత రివాల్వర్. దాని సుత్తి ముక్కు మా నాన్న ఉన్నప్పుడే విరిగింది. ముక్కు లేకపోతే తూటాని ఏం కొడుతుంది? వట్టి ఇనుప ముద్ద. ఆదివారం అన్నయ్య నా గదికొచ్చాడు. గుర్రం గొడవ ఇంక వదిలేద్దాం అన్నాడు. సుత్తి విప్పి ఇవ్వు, బుధవారం పట్నం వెళ్తున్నా, కొత్త ముక్కు వేయించుకొస్తా అన్నాడు. విప్పి ఇచ్చా. జేబులో వేసుకున్నాడు. అప్పట్నించీ నా పెట్టెలో ఉన్నది సుత్తి లేని పిస్తోలు!"

"మరి నిన్న నేను ఏడు తూటాలు కాల్చింది దేంతో? మీ తాత వచ్చి ఊదాడా?" అన్నాడు మేజర్.

"ఎవడో పెట్టాడు!"

"ఎవడో వచ్చి నీ పెట్టె తీసి, నీ పిస్తోలు బాగుచేసి, మళ్ళీ సర్ది వెళ్ళాడు. మంచివాడేనే. వాడి పేరేంటో చెప్పు, మా ఇంట్లో కుట్టు మిషను పాడైంది."

చోరోబెక్ తల దించుకున్నాడు. వేసవిలో ఒక విందులో, అందరి ముందు, 'తాత పిస్తోలు నా దగ్గరే ఉంది, మరిచిపోకు' అని అన్నతో అన్నది వాడే. ఊరంతా విన్నది. ఒక గుర్రం కోసం.

మేజర్ రెండు ఖాళీ తూటాల ఇత్తడి తొడుగులు నా అరచేతిలో వేశాడు. ఒకటి దోలోత్ చనిపోయిన గుర్రపుశాలలో, గడ్డిలో దొరికింది. ఇంకొకటి నిన్న ఆయన కాల్చిన వాటిలోది. రెండింటి అడుగునా సుత్తి ముక్కు కొట్టిన గుంట, ఒక పక్క కొద్దిగా చెక్కుపోయి అర్ధచంద్రంలా ఉంది. దోలోత్ ఒంట్లోంచి దూసుకెళ్ళిన తూటా రాతి గోడకు తగిలి రేకులా అయిపోయింది. దానితో ఏదీ తేలదు. ఉన్న సాక్ష్యమల్లా ఈ గుంటే.

"ఒక మాట," అన్నాను. "రివాల్వర్ ఖాళీ తొడుగుని బయటికి విసరదు. అది చక్రంలోనే ఉంటుంది. ఊచతో పొడిచి తియ్యాలి. మనిషిని చంపి, అక్కడే నిలబడి ఊచతో పొడుచుకుంటాడా ఎవడైనా?"

"కంగారులో ఏమైనా చేస్తారు."

"కంగారులో పారిపోతారు."

మేజర్ తొడుగులు వెనక్కి తీసుకున్నాడు. "సరే. పన్నెండు దాకా నీ ఇష్టం. మాటిచ్చాను. ఆ తర్వాత ఈ కేసు గురించి నీ నోరు లేవకూడదు."

రివాల్వర్ తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. పక్కపలకని పట్టి ఉంచేది ఒక్కటే మర. దాని గాడి అంచున ఇనుము తళతళలాడుతోంది. మిగతా పిస్తోలంతా నల్లగా, చేతుల జిడ్డు పట్టి ఉంటే అక్కడ మాత్రం కొత్త గీత. కత్తి మొనతో మర విప్పాను. పలక వచ్చింది. లోపల మడతపెట్టిన స్ప్రింగు. దాన్ని నొక్కి పట్టుకుని సుత్తిని బయటికి జరపాలి. జరుపుతుండగా స్ప్రింగు జారి కుడి బొటనవేలిని గోడకు కొట్టినట్టు కొట్టింది. గోటి కింద రక్తం గడ్డకట్టింది.

వేలు నోట్లో పెట్టుకుని మూలకు చూశాను. సైదిల్దా టీ గిన్నెలోకి చూసుకుంటున్నాడు.

పిస్తోలు చట్రం మీద అంకె ముప్పై ఒక్క వేల ఏడొందల నలభై ఆరు. చక్రం మీద అదే. పలక మీద అదే. సుత్తి మీద మాత్రం ఇరవై వేల తొమ్మిది వందల ఎనభై అయిదు.

"ఇది పరాయి సుత్తి," అన్నాను.

"అయితే?" మేజర్ కదల్లేదు. "యుద్ధం తర్వాత ఆయుధశాలల్లో పది పిస్తోళ్ళు విప్పి ఆరు చేశారు. ఎవడి సుత్తి ఎవడికి పడిందో దేవుడికి తెలుసు. అంకెలు కలవని ఇలాంటి నాగాన్ రివాల్వర్లు నేను వంద చూశా. కోర్టులో ఈ మాట చెప్తే జడ్జి కూడా నవ్వుతాడు."

అది నిజమే. కానీ ఆ అంకె ఎక్కడో చూశాను. ఎక్కడో గుర్తు రాలేదు. చెవిలో ఈగ దూరినట్టుంది.

"సైదిల్దా, మంగళవారం చోరోని ఎన్నింటికి చూశావు?"

"అయిదున్నర. వంతెన మీద ఉన్నా. చప్పుడైంది. శాలలోంచి గబగబా పోతున్నాడు."

"నాకు ఫోన్ ఆరూ పదికి మోగింది. వంతెన నుంచి పోస్టాఫీసు జీపులో ఎంతసేపు?"

"ముందు శవాన్ని చూడాలిగా అన్నా. ఆ తర్వాత చక్రంలో గాలి పోయింది. మార్చుకుని వెళ్ళేసరికి అంత అయింది." నవ్వుతూనే చెప్పాడు. "నన్నూ కట్టేస్తావా ఏం?"

సుత్తినీ పలకనీ మళ్ళీ బిగించి, పిస్తోలు గుడ్డ మీద పెట్టి బయటికొచ్చాను. అతని జీపు వాకిట్లోనే ఉంది. నాలుగు చక్రాలకీ మంచు గొలుసులు తొడిగి ఉన్నాయి. వెనక వేలాడే స్పేరు చక్రం మీద వేసవి దుమ్ము గట్టిపడి ఉంది. ఈ మధ్య దాన్ని ఎవరూ తాకలేదు.

పదీ అయిదు. మంచు పలచగా మొదలైంది.

శాల నలభై అడుగుల దూరం. బుర్మకాన్ వదినని వెంట రమ్మన్నాను. దోలోత్ పడిన చోట కొత్త గడ్డి పరిచారు. గుర్రం ఇంకా ఆ పక్కకి రావడం లేదు, తాడు చివరిదాకా వెనక్కి లాగి నిలబడి ఉంది. తలుపు పక్క గోడలో ఒక పెద్ద మేకు.

"ఆ పూట నువ్వెక్కడున్నావు వదినా?"

"ఆవుల దగ్గర. అయిదింటికి మొదలుపెట్టా. ఏదో ఠప్పుమంది. జీపు పొగగొట్టం అనుకున్నా."

"అప్పుడు ఎన్నో ఆవు?"

"మూడోది. మొదలుపెట్టి ఓ పది పిండులు పిండానో లేదో."

ఆమె ఒక్కో ఆవుకి పది, పన్నెండు నిమిషాలు తీసుకుంటుంది. మా ఆవిడా అంతే. అంటే అయిదూ పాతిక.

"జీపు అనుకున్నావంటే, జీపు దగ్గర్లో ఉందా?"

"వెనక వాగు పక్క ఆగుంది. అది మళ్ళీ స్టార్టయ్యేసరికి అయిదో ఆవు కూడా అయిపోవచ్చింది. పాలు దించి వచ్చేసరికి సైదిల్దా ఎదురొచ్చి లోపలికి వెళ్ళొద్దు వదినా అన్నాడు."

వంతెన మీద ఉన్న జీపు కాదు, వాగు పక్కన ఉన్న జీపు. ఇరవై నిమిషాలకు పైగా అక్కడే.

"ఇది మేజర్‌కి చెప్పావా?"

"ఆయన ఆవుల గురించి అడగలేదు."

"దోలోత్ బుధవారం పట్నం ఎందుకు వెళ్దామనుకున్నాడు?"

ఆమె తలగుడ్డ చెంగు వేలికి చుట్టుకుంది. "రెండు పనులున్నాయి అన్నాడు. ఒకటి తమ్ముడిది, ఒకటి కొండది. కొండ పని ఏంటంటే చెప్పలేదు. పెద్దకొమ్ముల అడవి పొట్టేళ్ళు ఈ ఏడు కనపడటం లేదు, వాటి తలకాయలు ఎటు అమ్ముడుపోతున్నాయో నాకు తెలుసు అన్నాడు. అంతే."

ఆ కొండకి కాపలా సైదిల్దా. అనుమానం ఉంది, రుజువు లేదు. ఆవుల లెక్కని కోర్టులో ఎవరు వింటారు? మంగళవారం నాటికి చోరోబెక్ పిస్తోలులో సుత్తి లేదని చూపించాలి. అది ఒక్కటే వాణ్ణి కాపాడుతుంది.

"తమ్ముడి పని అంటే సుత్తి. అది నీకు కనపడిందా?"

"నాకేం చూపించలేదు. ఆదివారం వేసుకున్న కోటే ఆ పూటా వేసుకొచ్చాడు. పని చేస్తూ ఆ మేక్కి తగిలించాడు."

"కోటు ఏది?"

ఆమె నా వంక వింతగా చూసింది. "ఏదేంటి జుమాదిల్? స్నానం చేయించినవాళ్ళకి ఇచ్చాం కదా. నువ్వూ ఉన్నావు అక్కడ."

నేను ఉన్నాను. గురువారం పొద్దున్న శవానికి స్నానం చేయించిన అయిదుగురికీ చనిపోయినవాడి బట్టలు పంచారు. టోపీ ఒకరికి, బూట్లు ఒకరికి, కోటు ఒకరికి. నా కళ్ళ ముందే. నలభై ఏళ్ళుగా చూస్తున్న పనే కాబట్టి, చూస్తూ కూడా చూడలేదు. మేజర్ శుక్రవారం వచ్చి ఇల్లంతా వెతికాడు. అప్పటికే సగం ఇల్లు ఊళ్ళోవాళ్ళ ఒంటి మీద తిరుగుతోంది.

"గొర్రెతోలు కోటు ఎవరికొచ్చింది?"

"కోజోగుల్ తాతకి."

కోజోగుల్ ఇల్లు ఊరి ఆ చివర. గుర్రాన్ని దౌడు తీయించాను. పదీ నలభైకి వెళ్ళేసరికి ఆ ముసలాయన గొర్రెల దొడ్డికి తడిక కడుతున్నాడు, అదే కోటు వేసుకుని.

"తాతా, కోటు విప్పు."

"ఏరా, దొంగసొత్తా ఇది? పుణ్యానికొచ్చింది."

"విప్పు తాతా. టైము లేదు."

"నాకూ లేదు. డెబ్భై ఎనిమిదేళ్ళు నాకు." గొణుగుతూనే విప్పాడు. "చూడు మరి, దోలోత్ ఇందులో ఇంకా ఉన్నాడు. గుర్రం ఎక్కితే చాలు, తుంటి మీద టకటకా కొడతాడు. త్వరగా పద తాతా అన్నట్టు."

"కొడతాడా? ఎక్కడ?"

"ఇదిగో, అంచున. ఏదో ఉంది లోపల. పోయినవాడి కోటు నలభయ్యో రోజు దాటకుండా కత్తి పెట్టి కొయ్యనురా నేను. వాడి ప్రయాణం కానీ ముందు."

లోపలి జేబుకు చిల్లు ఉంది. వేలు పెడితే అటు దూరిపోయింది. కింద, అంచు దగ్గర, తోలుకీ అస్తరుకీ మధ్య గట్టిగా ఏదో తగిలింది.

"తాతా, నేను కోస్తా. పాపం నాది."

"నీకు ఉన్నవి చాలవా?" అన్నాడు కానీ కత్తి ఆయనే ఇచ్చాడు.

కుట్టు విప్పాను. ఉన్నితో చేసిన నమదా ముక్కలో చుట్టిన ఇనుము చేతిలో పడింది. సుత్తి. ముక్కు విరిగి ఉంది. విరిగిన చోట ఏళ్ళ తుప్పు. పక్కన అంకె, ముప్పై ఒక్క వేల ఏడొందల నలభై ఆరు. నమదాలో దానితోపాటే మడతపెట్టిన చిన్న కాగితం, దోలోత్ పెద్ద పెద్ద అక్షరాల్లో: 'చోరో పిస్తోలు. ముక్కు వేయాలి. మంచి ఉక్కు.'

ముసలాయన నా భుజం మీంచి చూశాడు. "ఇదా నన్ను కొట్టింది?"

"ఇదే. తాతా, ఇది ఇందులో దొరికిందని చెప్పాలి నువ్వు. మేజర్ ముందు."

"చెప్తా. ముందు నా కోటు ఇయ్యి, చచ్చిపోతున్నా చలికి."

ఇప్పుడు మిగిలింది ఒక్కటే ప్రశ్న, ఆ పరాయి సుత్తి ఎవరిది. మంగళవారం దోలోత్‌ను కాల్చింది ఇరవై వేల తొమ్మిది వందల ఎనభై అయిదో నంబరు పిస్తోలు. శుక్రవారం లోపు దాని సుత్తి చోరోబెక్ పిస్తోలులోకి వచ్చింది. మూడు రోజులు ఇంటి నిండా ఏడ్చేవాళ్ళు, వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. మగవాళ్ళంతా వాకిట్లో వేసిన గుడారం ముందు నిలబడి ఏడుస్తుంటే చోరోబెక్ గదిలో పది నిమిషాలు ఎవడైనా కూర్చోవచ్చు. పలక విప్పితే లోపల సుత్తే లేదు. చోరోబెక్ ఎక్కడో పారేసుకున్నాడనుకుని తనది పెట్టేసి ఉంటాడు. ఆ గుంట చోరోబెక్ పిస్తోలుకి సరిపోవాలనే ఖాళీ తొడుగుని గడ్డిలో వదిలి ఉంటాడు. అది శవం కోటులో ఉందని, ఆ కోటు ఊళ్ళో తిరుగుతోందని వాడికి తట్టలేదు. నాకూ తట్టలేదు.

తిరిగి వస్తూ పంచాయితీ ఆఫీసు దగ్గర ఆగాను. ప్రతి ఏప్రిల్లోనూ ఈ నాలుగు పల్లెల్లో ఉన్న ప్రభుత్వ ఆయుధాలని నేనే తనిఖీ చేస్తాను. తపాలా బండి కాపలావాడు, పొదుపు బ్యాంకు కాపలావాడు, అడవి వాళ్ళు. ఆ పుస్తకం అక్కడ బీరువాలో ఉంటుంది. గుర్రం దిగకుండానే కిటికీలోంచి అడిగి తెప్పించుకున్నాను. మంచు పేజీల మీద పడుతోంది. నా చేతిరాతే. నాగాన్ రివాల్వర్, ఇరవై వేల తొమ్మిది వందల ఎనభై అయిదు. అటవీ రక్షకుడు సైదిల్దా.

పదకొండూ నలభై.

వాకిట్లో మేజర్ కారు ఒక్కటే ఉంది. డ్రైవర్ రేడియేటర్‌లో వేడినీళ్ళు పోస్తున్నాడు. జీపు నిలబడ్డ చోట నేల నల్లగా ఉంది. దాని మీద అప్పుడే తెల్లగా పట్టడం మొదలైంది.

లోపల మేజర్ ఒక్కడే కాగితాల మీద సంతకాలు చేస్తున్నాడు. మూలన సైదిల్దా టీ గిన్నె బోర్లించి ఉంది.

"చోరో ఏడి?"

"బయల్దేరాడు. మంచు చూడలేదా? నా కారుకి గొలుసులు లేవు. సైదిల్దా జీపుకి ఉన్నాయి. నేనే తీసుకెళ్తా, ఈ దారి నాకు కొట్టినపిండి అన్నాడు. సీటు ఊచకి సంకెళ్ళు వేసి పంపా."

"ఇద్దరే వెళ్ళారా? ఎంతసేపైంది?"

"పావుగంట. పన్నెండు దాకా అన్నానని దెప్పుతావా? మంచు నా మాట వింటుందా?"

గుడ్డ మీద వరసగా పెట్టాను. విరిగిన సుత్తి. నమదా ముక్క. దోలోత్ రాసిన కాగితం. ఏప్రిల్ పేజీ దగ్గర తెరిచిన పుస్తకం. "కోజోగుల్ తాతకి ఇచ్చిన కోటు అస్తరులో దొరికింది. ఆయన చెప్తాడు. జీపు ఇరవై నిమిషాలు వాగు పక్కనే ఆగి ఉందని వదిన చెప్తుంది. బొటనవేలు జీపు తలుపు కొట్టింది కాదు." నా వేలు చూపించాను. గోరు ఊదారంగుకి తిరిగింది.

మేజర్ కాగితం చదివాడు. అంకె చదివాడు. పుస్తకం చదివాడు. మళ్ళీ అంకె చదివాడు. మనిషి తెలివితక్కువవాడు కాదు. ముఖం రంగు మారడం నేను చూశాను.

"దారిలో సంకెళ్ళు తీస్తాడు," అన్నాను. "పారిపోబోతే కాల్చానంటాడు. చచ్చినవాడు దోషి, కేసు మూత. మీరే సంతకం పెడతారు."

"ఆగు, ఆగు." మేజర్ చెయ్యెత్తాడు. "కాల్చడానికి వాడి దగ్గరేముంది? వాడి సుత్తి ఇక్కడుంది కదా. వాడి పిస్తోలు ఇప్పుడు ఇనుప ముద్దే కదా?"

అదే నేనూ అనుకుంటూ వచ్చాను. దారి పొడుగునా ఆ ఒక్క మాటే పట్టుకుని వచ్చాను. కానీ మేజర్ చెయ్యి ఎత్తినప్పుడు కోటు తెరుచుకుంది. ఆయన నడుముకి ఒర ఉంది. మూత ఊడి వేలాడుతోంది.

"మేజర్ గారూ, మీ పిస్తోలేది?"

ఆయన తన నడుము వైపు చూసుకున్నాడు. ఖాళీ ఒరని చేత్తో తడిమాడు.

"కనుమ మీద తోడేళ్ళున్నాయన్నాడు," అన్నాడు. "ఖైదీతో వట్టిచేతుల్తో ఎలా పోవాలన్నాడు. తన పిస్తోలు రిపేరుకిచ్చాడట. నాది... నేనే ఇచ్చాను."

బుర్మకాన్ వదిన పొయ్యి దగ్గర్నించి లేచింది. చోరోబెక్ పెట్టెలోని తూటాల రేకుడబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. అందులో పది ఉండేవి. ఏడు మేజర్ నిన్న గోడకి కాల్చాడు.

తాత రివాల్వర్ తీసుకుని మూడు తూటాలు చక్రంలో పెట్టాను. సుత్తి వెనక్కి లాగి నెమ్మదిగా దించాను. సైదిల్దా సుత్తి. బాగా పనిచేస్తోంది.

"అది సాక్ష్యం. బయటికి తీసుకెళ్ళకూడదు," అన్నాడు మేజర్. అలవాటు కొద్దీ అన్నాడు.

"ఈ ఊళ్ళో ఇప్పుడు పేలే పిస్తోలు ఇదొక్కటే."

ఒరలోంచి పెరుగుండలు గుడ్డ మీద పోసి, అందులో దాన్ని పెట్టాను. జీపు మలుపులు తిరుగుతూ కనుమ ఎక్కడానికి నలభై నిమిషాలు. వాగు వెంట గుర్రానికి అడ్డదారి ఉంది, ఇరవై అయిదు. నేను గుమ్మం దాటుతుండగా కొండ మీద ఎక్కడో జీపు ఇంజను శబ్దం సన్నగా వినపడుతోంది. కళ్ళెం అందుకున్నాను.

అంతలో, కనుమకి ఇంకా సగం దారిలోనే, ఆ శబ్దం ఆగిపోయింది.